హై సియెర్రా (1941): కుక్క మొరిగిందని బయటికొచ్చి చచ్చే గ్యాంగ్‌స్టర్ ఏంటండీ?

సెకండ్‌షో_సుబ్బు
నిన్న రాత్రి హై సియెర్రా చూశాను. బోగార్ట్ సినిమాల్లో ఇది వదలకూడదని ఇక్కడే ఎవరో రాస్తే పెట్టుకున్నా. గంటా నలభై నిమిషాల సినిమా, దాదాపు చివరిదాకా కదలకుండా చూశాను. ముగింపు దగ్గరే నాకు ఒళ్లు మండింది.

బోగార్ట్ వేసిన రాయ్ ఎర్ల్ అంటే పత్రికలన్నీ 'పిచ్చికుక్క' అని పేరు పెట్టిన దొంగ. రాత్రంతా కొండమీద బండరాళ్ల చాటున కూర్చుని కింద ఉన్న పోలీసులెవర్నీ పైకి రానివ్వలేదు. తెల్లారేసరికి కుక్క మొరగడం వినపడుతుంది. "మేరీ" అని తన ప్రియురాలి పేరు అరుచుకుంటూ బయటికొస్తాడు. పైకెక్కి కాచుక్కూర్చున్నవాడు వెనకనుంచి కాల్చేస్తాడు. అంతే, అయిపోయింది. సినిమా అంతా అందరికంటే తెలివైనవాడిగా చూపించి చివర్లో ఇంత తెలివితక్కువగా చంపేస్తారా?

ఇంకో డౌటు. నోయర్, అదే నలభైల నాటి అమెరికన్ క్రైమ్ సినిమాల తరహా, అంటే వాన, చీకటి సందులు, కిటికీ పరదాల నీడలు అనుకుంటాం కదా. ఇందులో ఎక్కడ చూసినా ఎండ, కొండలు, ఆకాశమే. దీన్ని నోయర్ అని ఏ లెక్కన అంటున్నారు?

లేట్‌నైట్_లలిత
టైటిల్లోనే చంపేశారు మనిషిని. స్పాయిలర్ అని ఒక్క ముక్క పెడితే ఏం పోయింది?

సెకండ్‌షో_సుబ్బు
ఎనభై ఏళ్లు దాటిన సినిమాకి కూడా స్పాయిలరా లలిత గారూ?

లేట్‌నైట్_లలిత
నేను ఎనభై ఏళ్లుగా ఖాళీగా లేను కదండీ. ఈ శనివారం చూద్దామని పెట్టుకున్నా. సరే, కానివ్వండి. ఆ రోజుల్లో గ్యాంగ్‌స్టర్ బతికి బట్టకట్టిన సినిమా ఎక్కడుంది గనక.

పాతరీలు
లలిత గారు మాటవరసకి అన్నా అసలు సంగతి అదే. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్, అంటే సినిమావాళ్లు తమకి తామే పెట్టుకున్న సెన్సార్ నిబంధనలు, గట్టిగా అమలైంది. నేరం చేసినవాడు సుఖంగా తప్పించుకుపోయినట్టు చూపిస్తే సినిమా బయటికి రాదు. కాబట్టి రాయ్ చస్తాడన్నది రాసేవాళ్ల చేతిలో లేదు. ఎలా చస్తాడన్నదే వాళ్ల చేతిలో ఉంది.

ఇక సుబ్బు, నువ్వు కుక్క కోసం బయటికొచ్చాడు అంటున్నావు. ఆ సీను మళ్లీ చూడు. మేరీని, కుక్కని ముందే లాస్ వెగాస్ బస్సెక్కించి పంపేశాడు. వాళ్లు దూరంగా, క్షేమంగా ఉన్నారన్న ధైర్యంతోనే కొండెక్కాడు. కుక్క గొంతు వినపడిందంటే మేరీ కింద ఉందని, పోలీసుల మధ్య ఉందని అర్థం. అతని నోట్లోంచి వచ్చింది కుక్క పేరు కాదు, ఆమె పేరు. అప్పటిదాకా లెక్కలు వేసుకుంటూ బతికిన మనిషి ఆ ఒక్క క్షణం లెక్క వదిలేశాడు. నాకైతే తెలివితక్కువ అనిపించలేదు.

తెనాలి_టాకీస్
పిచ్చికుక్క అని పేరున్నవాడు మంచికుక్క వల్ల పోయాడు. ఇంతకంటే రైమింగ్ ఏం కావాలి?

సెకండ్‌షో_సుబ్బు
@పాతరీలు మేరీ గురించి సరే అన్నా. కానీ ఆమె పోలీసుల దగ్గరుంటే ఇతను బయటికొచ్చి చేసేదేముంది? నా కంప్లైంట్ ఇంకా అలాగే ఉంది.

సుజాత_రాతలు
చేసేదేం లేదు కాబట్టే ఆ సీను అంత బాగుంది. ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. వాణ్ని లొంగిపొమ్మని పిలవమని మేరీని అడుగుతారు. ఆమె ససేమిరా అంటుంది. మనిషి నోరు విప్పలేదు, ఆ కుక్క మాత్రం విప్పింది. రాయ్‌ని ప్రేమించిన ఇద్దరిలో ఒకరు మౌనంగా ఉండి కాపాడాలని చూస్తే, రెండోది అరిచి చంపింది. దానికేం తెలుసు పాపం.

గుంటూరు_ఘాటు
అసలు తప్పు కుక్కదీ కాదు మేరీదీ కాదు. వెల్మాది. ఎవరూ ఆ పేరు ఎత్తరేం? పుట్టుకతో వంకర కాలున్న పిల్లకి సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించాడు. నడక రాగానే ఏం చేసింది? వేరేవాణ్ని చేసుకుంటున్నానని చెప్పి, వాడితో మందు కొడుతూ డాన్సులు. వాళ్లింటికి వెళ్లి అది చూసినప్పుడు బోగార్ట్ మొహం చూశారా? ఇలాంటి కృతజ్ఞత లేని మనిషి కోసం అంత చేశాడంటే వాడికి అలాంటి చావు రాక ఏమొస్తుంది.

సుజాత_రాతలు
ఇదిగో మొదలైంది. తమ్ముడూ, వెల్మా అతనికి ఎప్పుడు మాటిచ్చింది? ఊళ్లో తనకొకడు ఉన్నాడని చెప్పింది.  అయినా డబ్బు కట్టాడు. కాలు బాగయ్యాక మళ్లీ వచ్చి నిలబడ్డాడు. దీన్ని సాయం అంటారా, అడ్వాన్స్ అంటారా?

ఇంకో మాట. ఆ వెల్మా వేసిన జోన్ లెస్లీ 1925 జనవరిలో పుట్టింది. ఈ సినిమా 1940లో తీశారు. అంటే షూటింగ్ నాటికి పదిహేనేళ్ల పిల్ల. బోగార్ట్‌కి నలభై. కణతల దగ్గర నెరిసిన జుట్టుతో అతను ఆ పిల్ల పక్కన కూర్చుని నక్షత్రాల గురించి చెప్తుంటే నాకు ఒకవైపు జాలి, ఒకవైపు ఇబ్బంది. సినిమా కూడా మనకి ఆ రెండూ కలగాలనే కోరుకుంటోందని నా అనుమానం.

గుంటూరు_ఘాటు
వయసు సంగతి ఒప్పుకుంటా అక్కా. కృతజ్ఞత సంగతి ఒప్పుకోను.

తెనాలి_టాకీస్
ఘాటు గారి పేరుకి న్యాయం జరుగుతోంది.

పాతరీలు
సుబ్బు రెండో డౌటుకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. వేరే పనున్నవాళ్లు కిందికి వెళ్లిపోండి.

ముప్పైల గ్యాంగ్‌స్టర్ సినిమాలో కథ ఒకటే దారిలో పోతుంది. కింద ఉన్నవాడు పైకెక్కుతాడు, విర్రవీగుతాడు, కాల్పుల్లో పడిపోతాడు. 1931లో వచ్చిన లిటిల్ సీజర్ అలాంటిదే. ఆ నవల రాసింది డబ్ల్యూ.ఆర్. బర్నెట్. హై సియెర్రా నవలా ఆయనదే, స్క్రీన్‌ప్లే కూడా జాన్ హ్యూస్టన్‌తో కలిసి ఆయనే రాశాడు. అంటే ఆ రకం కథకి ప్రాణం పోసినవాడే పదేళ్ల తర్వాత దాని చావు రాశాడు.

రాయ్ పైకెక్కడు. మొదటి సీన్లోనే గవర్నర్ క్షమాభిక్షతో ఇండియానా జైల్లోంచి బయటికొస్తాడు. నేరుగా పార్కుకి వెళ్తాడు, గడ్డి ఇంకా పచ్చగా ఉందా, చెట్లు ఇంకా ఎదుగుతున్నాయా చూడ్డానికి. తర్వాత కాలిఫోర్నియా వెళ్తూ దారిలో తను పుట్టి పెరిగిన పొలం దగ్గర ఆగుతాడు. అక్కడి రైతు ఇతను ఎవరో గుర్తుపట్టి బెదిరిపోతాడు. అక్కడే తెలిసిపోతుంది, ఇతనికి వెనక్కి వెళ్లే చోటు లేదని. ముందుకి వెళ్లే చోటూ లేదు. తనని విడిపించిన బిగ్ మ్యాక్ ముసలాడై మంచం పట్టాడు. గట్టివాళ్లంతా చచ్చారు, లేదా అల్కట్రాజ్ జైల్లో ఉన్నారని వాపోతాడు. చేతికింద మిగిలింది రెడ్, బేబ్ అని ఇద్దరు కుర్రాళ్లు, దోచుకోబోయే హోటల్లో లోపలి సమాచారం ఇచ్చే ఒక పిరికివాడు. జైల్లోంచి వచ్చింది దొంగతనం చేస్తానన్న ఒప్పందం మీద. ఆ క్షమాభిక్ష కూడా అప్పే.

బయటపడ్డాననుకున్న మనిషికి అప్పటికే దారులన్నీ మూసుకుపోయి ఉండటం. నాకు నోయర్ అంటే అది. నీడలు, వాన తర్వాత. ఫ్రెంచ్ విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఆ పేరు వాడింది 1946లో. హై సియెర్రా తీసినప్పుడు ఎవరూ నోయర్ తీస్తున్నామనుకుని తీయలేదు.

సెకండ్‌షో_సుబ్బు
పొలం సీను నేను ఫోన్ చూసుకుంటూ దాటేసినట్టున్నాను. మళ్లీ చూస్తా.

ఓరుగల్లు_రీల్
పాతరీలు అన్న చెప్పింది బాగుంది కానీ ఒక అభ్యంతరం. అలా చూస్తే దారులు మూసుకుపోయిన ప్రతి కథా నోయరే అవుతుంది. అప్పుడు దేవదాసు కూడా నోయరే. నా లెక్కలో హై సియెర్రా నోయర్ కాదు, గ్యాంగ్‌స్టర్ సినిమాకి చివరి పేజీ. 1940లో వచ్చిన స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్ చూడండి. చిన్న సినిమా, అయినా నీడలు, పీడకల, తప్పుడు సాక్ష్యం అన్నీ ఉన్నాయి. 1941 చివర్లో ది మాల్టీస్ ఫాల్కన్ వచ్చింది. అసలు మొదలు అక్కడ.

తెనాలి_టాకీస్
దేవదాసు నోయరే. వానా ఉంది, మందూ ఉంది, చీకటీ ఉంది, కుక్క కూడా ఉంది. ఇంకేం కావాలి.

పాతరీలు
@ఓరుగల్లు_రీల్ చివరి పేజీ అన్నావు, ఒప్పుకున్నా. తర్వాతి పుస్తకం మొదటి పేజీ కూడా అదే కాగితం వెనకవైపు అచ్చయింది అంటాను. ఇక్కడ స్క్రీన్‌ప్లే రాసిన హ్యూస్టనే అదే ఏడాది మాల్టీస్ ఫాల్కన్‌తో డైరెక్టర్ అయ్యాడు. హీరో బోగార్టే. 1930ల్లో బోగార్ట్ చేసినవి చాలావరకు రెండో రకం విలన్ వేషాలు. ది పెట్రిఫైడ్ ఫారెస్ట్ (1936)లో కూడా పారిపోతున్న గ్యాంగ్‌స్టరే, కానీ అక్కడ భయపెట్టడమే పని. ఇక్కడ మొదటిసారి వాడి అలసట కనిపిస్తుంది. కాసాబ్లాంకాలో మనం చూసే మనిషి ఇక్కడే తయారయ్యాడు.

బెజవాడ_బాల్కనీ
ఈ వేషం ముందు బోగార్ట్‌కి ఇవ్వలేదు తెలుసా. పాల్ మ్యూని వద్దన్నాడు, జార్జ్ రాఫ్ట్ వద్దన్నాడు. చివర్లో చచ్చే వేషం నీకెందుకు అని రాఫ్ట్‌ని బోగార్టే ఎగదోశాడని కూడా ఒక కథ చెప్తారు. మాల్టీస్ ఫాల్కన్ కూడా రాఫ్ట్ వద్దంటేనే ఇతనికొచ్చింది. డబుల్ ఇండెమ్నిటీ కూడా వద్దన్నాడు రాఫ్ట్. ఆయన చెత్తబుట్టలోంచి ఏరుకున్నా ఒక తరం హీరోలు బతికేయొచ్చు.

టైటిల్స్‌లో మాత్రం మొదటి పేరు మేరీ వేసిన ఐడా లుపినోది, బోగార్ట్‌ది రెండోది. అప్పటికి ఆమే పెద్ద పేరు.

లేట్‌నైట్_లలిత
సినిమా చూడకముందే ఎంసెట్ లెవెల్లో ప్రిపేర్ చేసేస్తున్నారు. అసలు చూడాలా వద్దా ఇక?

ఓరుగల్లు_రీల్
చూడండి. ముగింపు తెలిసినా కారు ఛేజ్ కోసమైనా చూడాలి.

ఎల్ఏ_తెలుగోడు
ఆ ఛేజ్ గురించి నేను రాస్తా. అది స్టూడియోలో వేసిన సెట్ కాదు, లోన్ పైన్ అనే ఊరి పక్కన నిజంగా ఉన్న ఘాట్ రోడ్డు. లాస్ ఏంజిలిస్ నుంచి 395 హైవే మీద ఉత్తరానికి మూడున్నర గంటల డ్రైవ్. ఊరు నాలుగు వేల అడుగుల లోపు ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి విట్నీ పోర్టల్ అనే చోటుకి ఇరవై కిలోమీటర్ల రోడ్డు, పైకి వెళ్లేసరికి ఎనిమిది వేల అడుగులు దాటేస్తాం. ఎదురుగా విట్నీ శిఖరం, 14,505 అడుగులు. అలాస్కా, హవాయి పక్కనపెడితే అమెరికాలో అంతకంటే ఎత్తయింది లేదు.

మేం ఫ్యామిలీతో వెళ్లాం. ఆ మలుపుల్లో మా ఆవిడ కళ్లు మూసుకుంది, నేను మాత్రం సినిమాలో కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారా అని చూస్తున్నా. కింద మలుపు నుంచి పై మలుపు దాకా కార్ల వెంట కెమెరా అలా తిరుగుతూనే ఉండే షాట్ ఉంది కదా, ఆ రోడ్డు చూస్తే అది ఎలా కుదిరిందో అర్థమవుతుంది. దుమ్ము లేపుకుంటూ పోతున్న కారు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది, చుట్టూ కొండ. మనిషి ఎంత చిన్నవాడో ఆ ఒక్క షాట్‌లో తెలుస్తుంది. సుబ్బు గారు అడిగిన ఎండకి నా జవాబు అదే. దాక్కోడానికి చీకటి కూడా లేకపోతే ఇంకా భయం.

ఇంకో సరదా సంగతి. ఆ కొండ కింద అలబామా హిల్స్ అనే రాళ్లగుట్టలున్నాయి. 1939లో గంగా దిన్ సినిమాకి వాటినే మన దేశపు వాయవ్య సరిహద్దుగా చూపించారు.

కాఫీ_విత్_క్రైమ్
డైరెక్టర్ రాల్ వాల్ష్‌కి ఒంటికన్ను అని ఎంతమందికి తెలుసు? 1928లో ఇన్ ఓల్డ్ అరిజోనా తీస్తున్నప్పుడు రాత్రి కారులో పోతుంటే అడవి కుందేలు ఎగిరి అద్దంలోంచి వచ్చి పడింది. కుడికన్ను పోయింది. తర్వాత జీవితాంతం నల్ల పట్టీయే. ఆ ఒంటికన్నుతోనే తీశాడు ఆ ఛేజ్.

తెనాలి_టాకీస్
కుందేలు, కుక్క. ఈ సినిమాకి జంతు సంక్షేమ శాఖ ఏమైనా నిర్మాతా?

కాఫీ_విత్_క్రైమ్
కుక్క కూడా బోగార్ట్ పెంపుడు కుక్కే అని చెప్తారు. సినిమాలో పార్డ్, అసలు పేరు జీరో.

నల్లగొండ_నోట్స్
అందరూ కుక్క గురించి ముచ్చటపడుతున్నారు, దాన్ని పరిచయం చేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కొండమీద క్యాబిన్ల దగ్గర పనిచేసే ఆల్జర్నన్. వేసింది విల్లీ బెస్ట్. ఈ కుక్కని పెంచినవాళ్లందరూ పోయారని చెప్పేది అతనే. అంటే కథలో అందరికంటే ముందు నిజం చెప్పిన మనిషి. కానీ ఎలా చూపించారు? నిద్రమొహం, మెల్లకన్ను, బెదురు. నల్లజాతి మనిషి అంటే నవ్వుకోడానికే అన్నట్టు. విల్లీ బెస్ట్‌ని తొలి సినిమాల్లో 'స్లీప్ అండ్ ఈట్' అనే పేరుతో వేశారు. నిద్రపోవడం, తినడం. మనిషికి పెట్టే పేరా అది? సినిమా నాకూ ఇష్టమే. కానీ ఆ సీన్లు వచ్చినప్పుడు ఫార్వర్డ్ చేయకుండా చూడాలి, ఏం చేశారో తెలియాలి కాబట్టి.

సుజాత_రాతలు
నిజం. అతని టైమింగ్ చూస్తే ఎంత మంచి నటుడో తెలుస్తుంది, అది ఇంకా బాధ.

గుంటూరు_ఘాటు
నల్లగొండ అన్న మాటతో వందశాతం ఏకీభవిస్తున్నా. వెల్మా విషయం మాత్రం తేలలేదు.

పాతరీలు
తేలదు. వెల్మా వాళ్ల తాత వేసిన హెన్రీ ట్రావర్స్ తర్వాత ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946)లో దేవదూత అయ్యాడు. వెళ్లి ఆయన్ని అడుగు.

ఆ కుటుంబం మీద ఒక్క మాట. వాళ్లు ఒహాయోలో పొలం పోగొట్టుకుని పాత కారులో కాలిఫోర్నియా వస్తున్నారు. రాయ్‌ది కూడా పొలం వదిలిన కుటుంబమే. అతను వెల్మాని చూసినప్పుడు ఆడపిల్లని చూడలేదు, దొంగ కాకపోయుంటే తనకి ఉండాల్సిన ఇంటిని చూశాడు. అందుకే ఆమె మొహంలో లేనిదంతా చూసుకున్నాడు. ఎదురుగా తనలాగే నలిగిపోయిన మేరీ ఉంటే ఆమెని సగం సినిమా దాకా పట్టించుకోలేదు.

ఓరుగల్లు_రీల్
అప్పటి అసలు గ్యాంగ్‌స్టర్ డిల్లింజర్ ప్రస్తావన కూడా ఉంది కదా. డాక్టర్ బాంటన్ రాయ్‌తో అంటాడు, నీలాంటి వాళ్లు చావు వైపు పరిగెత్తుతున్నారని జానీ డిల్లింజర్ అన్నాడని. డిల్లింజర్‌ది కూడా ఇండియానానే. 1934 జూలైలో షికాగోలో బయోగ్రాఫ్ థియేటర్‌లో సినిమా చూసి బయటికొస్తుంటే ఎఫ్‌బీఐ వాళ్లు కాల్చేశారు. ఆ రోజు చూసింది కూడా గ్యాంగ్‌స్టర్ సినిమానే, మాన్‌హాటన్ మెలోడ్రామా. 1941లో హాల్లో కూర్చున్నవాళ్లకి అది నిన్నగాక మొన్న జరిగిన సంగతి.

బెజవాడ_బాల్కనీ
చివర్లో ఆ రేడియోవాడిని మర్చిపోయారు. కొండ కింద జనం జాతరలా పోగయ్యారు, మైకు పట్టుకుని ఒకడు నిమిషం నిమిషానికీ వర్ణిస్తున్నాడు. ఎవరి ప్రాణమో పోబోతుంటే క్రికెట్ కామెంటరీలా చెప్తాడు. మన న్యూస్ చానళ్లకి దొరికుంటే స్క్రీన్ నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కలో కుక్కని స్టూడియోలో కూర్చోబెట్టేవాళ్లు.

తెనాలి_టాకీస్
"పార్డ్ గారూ, మీరు మొరిగినప్పుడు మీ మనసులో ఏముంది?"

లేట్‌నైట్_లలిత
చూశాను. శనివారం దాకా ఆగలేకపోయా, మీ అందరి పుణ్యమా అని.

కుక్క గొడవ నాకసలు గొడవే అనిపించలేదు. నన్ను పట్టుకుంది మేరీ ఆఖరి ప్రశ్న. రాయ్ నిద్రలో జైలు గోడ బద్దలుకొట్టుకుని పోతున్నట్టు కలవరించడం ఆమె ముందే వింది. అతను చచ్చి పడున్నప్పుడు పక్కనున్న విలేఖరిని అడుగుతుంది, మనిషి అలా బద్దలుకొట్టుకుని బయటపడితే అర్థం ఏంటని. స్వేచ్ఛ దొరికినట్టు అంటాడు వాడు. ఆమె ఆ మాటే పట్టుకుని ఏడుస్తూ కెమెరా వైపు నడిచొస్తుంది. ఇది ఓదార్పా, లేక సెన్సార్ వాళ్లని బుజ్జగించడానికి అతికించిన మాటా? నాకైతే లుపినో మొహం చూస్తే ఓదార్పులా లేదు. ఆ మాటని నమ్మక తప్పని మనిషిలా ఉంది. క్షమాభిక్షతో మొదలైన సినిమాలో నిజంగా విడుదల దొరికింది చివర్లోనే అంటే, రాసినవాళ్లకి చేతులెత్తి దండం.

సెకండ్‌షో_సుబ్బు
నేను కూడా మళ్లీ చూశా. పొలం సీను బాగుంది. ముగింపు మీద మాత్రం లలిత గారితో సగమే ఏకీభవిస్తాను. ఆ విలేఖరి మాట లేకుండా ఆమె మొహం మీద ఆపేసుంటే ఇంకా గట్టిగా ఉండేది.

దీన్నే మళ్లీ తీశారట కదా? ఏది చూడొచ్చు?

కాఫీ_విత్_క్రైమ్
రెండుసార్లు తీశారు. 1949లో వాల్ష్ తనే గుర్రాల మీదకి మార్చి కొలరాడో టెరిటరీ తీశాడు, జోయెల్ మెక్రీ, వర్జీనియా మాయో. నా మాట వింటే అది చూడు. నీ కంప్లైంట్‌కి మందు అందులో ఉంది. ఆఖర్లో హీరోయిన్ కింద నిలబడి ఏడవదు, తుపాకీ పట్టుకుని అతని పక్కకే వెళ్తుంది. 1955లో రంగుల్లో ఐ డైడ్ ఎ థౌజండ్ టైమ్స్ అని జాక్ పాలెన్స్‌తో తీశారు. సీనుకి సీను ఇదే, అందుకే నాకు ఎక్కలేదు.

సుజాత_రాతలు
లుపినో నచ్చినవాళ్లు ఆమె డైరెక్ట్ చేసిన ది హిచ్‌హైకర్ (1953) పట్టుకోండి. అందులోనూ పారిపోతున్న హంతకుడే, దారిలో ఇద్దరు స్నేహితుల కారెక్కుతాడు. డెబ్బై ఒక్క నిమిషాలు. ప్రేమ లేదు, వెల్మా లేదు, గుంటూరు తమ్ముడు ప్రశాంతంగా చూసుకోవచ్చు. ఆ సినిమా షూటింగ్‌కి కూడా ఆమె మళ్లీ ఆ లోన్ పైన్ రాళ్ల దగ్గరికే వెళ్లింది.

గుంటూరు_ఘాటు
చూస్తా అక్కా. @ఎల్ఏ_తెలుగోడు అన్నా, మా బావ వాళ్లు అక్కడే ఉంటారు, డిసెంబర్‌లో వస్తున్నా. ఆ రోడ్డు మీదకి వెళ్లొచ్చా?

ఎల్ఏ_తెలుగోడు
డిసెంబర్‌లో కష్టం. చలికాలం మంచు పడితే పైరోడ్డు మూసేస్తారు. ఊళ్లో వెస్టర్న్ సినిమాల మ్యూజియం ఉంది, బోగార్ట్ ఇందులో నడిపిన 1937 ప్లిమత్ కారు అక్కడే పెట్టారు. అది చూసి, అలబామా హిల్స్‌లో తిరిగి రండి. వచ్చేముందు మెసేజ్ పెట్టండి, మా ఇల్లు దారిలోనే.